మేలట్టూరు భాగవత మేళము



ఈ దినమున మీకు ఒక యూరి యుత్సవమును గుఱించి విన్నవింపదలచితిని. ఆ యూరు తెలుగుదేశమున లేదు. అచ్చటి వీథులలో వినవచ్చునది తమిళము. ఐనను ఏటేట వైశాఖమాసమున నృసింహ జయంతి వచ్చినంతనే, ఆ యూరి దేవాలయము ముంగిట తెలుగు నాటకము రాత్రి యెల్ల నాడబడును. ఆడువారు వృత్తినటులు కారు. ఆ యూరి గృహస్థులును, వారి బిడ్డలును. చూచువారిలో పెక్కుమందికి తెలుగు రాదు. ఐనను నడుమ లేచి యింటికి బోవువారు అరుదు. ఆ యూరి పేరు మేలట్టూరు. అది తంజావూరునకు ఇరువది కిలోమీటర్ల లోపున, పాపనాశము తాలూకాలో నున్నది. అచ్చటి నాటక సంప్రదాయమును భాగవత మేళమందురు.

ఒక భాష యింటిలో మాటాడుట మానినచోట, ఆ భాషలోని నాటకము ఎట్లు బ్రదుకగలుగుచున్నది? రాజు లేడు, మాన్యముల యాదాయము లేదు, చదువరుల సంఖ్యయు లేదు. మఱి దానిని నిలిపినది యేది? ఈ ప్రసంగమున నాకు తోచిన సమాధానమును మీ ముందుంచెదను.

మొదట తెలుగు కావేరీ తీరమునకు ఎట్లు చేరెనో చూతము. పదునాఱవ శతాబ్దిలో చోళమండలము విజయనగర ప్రభువుల యేలుబడిలో నుండెను. వారి పక్షమున తంజావూరు నేలినవారు నాయకరాజులు. సేవప్ప నాయకుడు ఆ వంశమునకు ఆద్యుడు. అతని కుమారుడు అచ్యుతప్ప నాయకుడు. వారితో పాటు సైనికులును, లేఖకులును, వైదికులును, గాయకులును తెలుగునాటినుండి దక్షిణమునకు తరలిరి. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట, ఆశ్రయము కోరి తంజావూరునకు వచ్చిన పండితులకును కళావంతులకును లెక్కలేదు. ఆ దినములలో అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబములకు ఇల్లును, నూతిని, భూమిని ఇచ్చి, ఒక యగ్రహారము నిలిపెనని పెద్దల వాక్యము. దాత పేరిట ఆ యగ్రహారము అచ్యుతపురమాయెను. అదియే నేటి మేలట్టూరు.

1673లో నాయకరాజ్య మంతరించెను. 1676లో మహారాష్ట్రులైన భోసల వంశమువారు తంజావూరు సింహాసన మెక్కిరి. ప్రభువు మాతృభాష మరాఠీ, ప్రజల భాష తమిళము. ఇక తెలుగునకు చోటెక్కడిదని మనము తలంతుము. జరిగినది వేఱు. 1684 మొదలు 1712 వఱకు రాజ్యము చేసిన శాహజీ మహారాజు స్వయముగా తెలుగున యక్షగానములు రచించెను. ఆస్థానమున పాటకును ఆటకును తెలుగే తగిన భాషయని యా కాలము వారు నమ్మిరి. ఆ నమ్మకమే పిమ్మట తిరువయ్యారున నివసించిన త్యాగరాజస్వామి (1767–1847) కృతులకును, ఆయన రచించిన ప్రహ్లాద భక్తి విజయము, నౌకా చరిత్రము అను నాటకములకును నేల సిద్ధము చేసినది.

మేలట్టూరు ఈ గాలిలో పెరిగిన యూరు. వీరభద్రయ్య యను సంగీత విద్వాంసుడు అచ్చటివాడే. ముత్తుస్వామి దీక్షితుల తండ్రియగు రామస్వామి దీక్షితులు ఆయనవద్ద శిక్ష పొందెనని, 1904లో వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని యందు సుబ్బరామ దీక్షితులు వ్రాసియున్నాడు. పిమ్మట మేలట్టూరు వేంకటరామ శాస్త్రి యా యూరికి శాశ్వత కీర్తి తెచ్చెను. ఆయన త్యాగరాజస్వామికి సమకాలికుడు. ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, మార్కండేయ చరిత్రము, రుక్మాంగద చరిత్రము, హరిశ్చంద్ర మొదలగు నాటకములను ఆయన తెలుగున రచించెను. పద్యము, దరువు, వచనము, సంవాదము – ఈ నాలుగును ఒకదానితో నొకటి పెనవేసికొని సాగునవి యవి. మన యక్షగానమునకు తోబుట్టువులని చెప్పవచ్చును.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. నాయకరాజుల యాస్థానమున వెలసిన యక్షగానములలో కొన్నింటికి కథానాయకుడు రాజే. విజయరాఘవ నాయకుని రఘునాథాభ్యుదయము ఆయన తండ్రిని గుఱించినది. రంగాజమ్మ మన్నారుదాస విలాసమున విజయరాఘవుడే నాయకుడు. వానికి వేదిక కొలువుకూటము. ఆ కొలువు తీఱినంతనే యవి గ్రంథాలయమునకు చేరినవి. సరస్వతీ మహలు గ్రంథాలయము కాపాడియుండనిచో వానిలో ఎన్ని మనకు దక్కెడివో చెప్పజాలము. మేలట్టూరు నాటకములు వరదరాజస్వామి సన్నిధిని ఆడుటకై యుద్దేశింపబడినవి. 1799లో తంజావూరు పరిపాలనము ఆంగ్లేయుల చేతికి పోయెను. 1855లో శివాజీ మహారాజు పుత్రసంతానము లేక మరణింపగా రాజ్యమే ముగిసెను. ఐనను నృసింహ జయంతి మాత్రము ప్రతి సంవత్సరము వచ్చుచునే యుండెను. పంచాంగమున నున్న తిథికి పట్టాభిషేకముతో పనిలేదు గదా!

ఆ రాత్రి యెట్లుండునో కొంచెము చెప్పెదను. దేవాలయమున కెదురుగా వీథిలోనే వేదిక గట్టుదురు. స్వామి అచ్చటినుండి చూచునట్లు భావము. ప్రొద్దుపోయిన పిమ్మట ఆట మొదలగును. తొలుత కోణంగి, అనగా హాస్యగాడు, గంతులు వేయుచు ప్రవేశించి సభను హెచ్చరించును. పిదప భాగవతులు మంగళము పాడుదురు. ఏనుగు మొగము ధరించిన చిన్న బాలుడు విఘ్నేశ్వరుడై వచ్చి యాశీర్వదించి పోవును. ఇట్లు పసివాడు మొదట రంగమెక్కును. అదియే వాని విద్యారంభము. పిమ్మట ఒక్కొక్క పాత్రము తన ప్రవేశ దరువుతో నాట్యమాడుచు తెఱ వెడలి వచ్చును. స్త్రీ పాత్రములను పురుషులే ధరింతురు. ప్రహ్లాదుని తల్లి లీలావతి పాత్రము మిక్కిలి కష్టమైనది. ఒకవైపు భర్త యాజ్ఞ, ఒకవైపు కుమారుని ప్రాణము; ఆ నడుమ నలిగిన తల్లి దుఃఖమును అభినయించుటకు నటుడు ఏండ్ల తరబడి సాధన చేయవలెను.

తుదిఘట్టము తెల్లవాఱుజామున వచ్చును. నరసింహస్వామి మొగము, అనగా ముఖకవచము, రంగస్థల సామగ్రి కాదు. అది దేవాలయమున నుంచి పూజింపబడునది. దానిని ధరించువాడు ఆ దినమెల్ల ఉపవాసముండును. మొగము ధరించిన పిమ్మట ఆయనకు ఆవేశము కలుగునని ప్రజల విశ్వాసము. అందుచే ఇరుప్రక్కల మనుష్యులు నిలిచి పట్టుకొందురు. హిరణ్యకశిపుడు ఎదుట నిలిచి వాదించును, కాని దూరము తప్పడు. అప్పుడు కూర్చున్నవారు లేచి చేతులు జోడింతురు. నాటకము పూజగా మాఱు క్షణమది.

నా యనుభవమొకటి మనవి చేసెదను. బ్రదుకంతయు బడిపిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పినవాడను. ఒక సంవత్సరము ఆ యుత్సవమునకు బోయితిని. నిజము చెప్పవలెనన్న, తప్పులు పట్టుటకే బోయితిని. తమిళ లిపియందు క, ఖ, గ, ఘలకు ఒకే యక్షరము. తెలుగు లిపి రాని పిల్లలు పాఠమును తమిళ లిపిలో వ్రాసికొని వల్లించినచో, మహాప్రాణములు ఏమగునో, సరళములు ఏమగునో యని నా యనుమానము. రాత్రి యెల్ల చెవియొగ్గి వింటిని. కొన్ని పలుకులందు తమిళపు యాస తగిలినమాట నిజమే. కాని ‘భక్తి’లోని భకారము, ‘ఘోర’ములోని ఘకారము చక్కగా వినవచ్చినవి. మఱునాడు ఒక పెద్దమనిషి నడిగితిని: కాగితమున లేని యక్షరము నోట నెట్లు నిలిచినది యని. మా తండ్రిగారి నోట విని నేర్చితిమి, కాగితము జ్ఞాపకమునకే గాని పాఠమునకు గాదని యాయన చెప్పెను. వేదపాఠమును గుఱించి నా గురువులు చెప్పినమాటయు నిదియే. పుస్తకము చేతనుండగా నా శిష్యులలో ఎందఱో మహాప్రాణములను మ్రింగివేయుట నేనెఱుగుదును. నేను పట్టబోయిన తప్పు నా బడిలోనే దొరకినది.

ఐతే, ఈ వ్రతము అవిచ్ఛిన్నముగా, సుఖముగా సాగినదని యనుకొనరాదు. ఒకప్పుడు శూలమంగళము, ఊత్తుక్కాడు, నల్లూరు మొదలగు గ్రామములలోను భాగవత మేళములుండెడివి. వానిలో పెక్కు నిలిచిపోయినవి. సాలియమంగళము వంటి కొలది యూళ్లలో నేటికిని నడచుచున్నవి. ఇరువదవ శతాబ్దిలో అగ్రహారముల చదువుకొన్నవారు ఉద్యోగములకై పట్టణములకు పోయిరి. ఆడువారు తగ్గినచో ఆట తగ్గును. మేలట్టూరున భరతము నటేశయ్యరు వంటి మహానటులు గతించిన పిమ్మట మేళము క్షీణించెను. అప్పుడు మదరాసు న్యాయవాదియు, నాట్యోద్ధారకుడునగు ఇ. కృష్ణయ్యరు (1897–1968) దాని విలువను లోకమునకు చాటెను. సంస్కృత పండితుడు వే. రాఘవన్ దానిని గుఱించి వ్రాసెను. ఊరిలో బాలు భాగవతరు వంటివారు పాత పాఠమును పట్టువిడువక క్రొత్తవారికి నేర్పిరి. బయటివారి మెప్పు తోడ్పడినది. కాని బయటివారు వచ్చి చూచుటకు ఊరిలో ఆట మిగిలియుండుటయే ముఖ్యము. నేడును చెన్నపట్టణము మొదలగు చోట్ల కొలువులు చేయువారు సెలవు పెట్టి, వైశాఖమున ఊరు చేరి, వేషము కట్టుచున్నారు.

మఱియొక మాటయు దాచరాదు. ఈ సంప్రదాయము స్త్రీలకు రంగమును నిషేధించినది. అగ్రహారము వెలుపలి వారికి పాత్రము నీయలేదు. ఆ కట్టుబాటే దానిని కాచినదని కొందఱందురు. ఆడువారి సంఖ్యను కుదించి, దానిని ప్రమాదమున పడవైచినదియు నా కట్టుబాటే యని నా తలంపు. రుక్మిణీదేవి అరుండేలు కళాక్షేత్రమున ఉషా పరిణయము, రుక్మాంగద చరిత్రము ప్రదర్శింపజేసినప్పుడు స్త్రీలును ఆ పాత్రములను ధరించిరి. దానివలన వేంకటరామ శాస్త్రి కవిత్వమునకు లోటేమియు కలుగలేదు.

మన కూచిపూడి భాగవతులతో దీనిని పోల్చి చూచిన మఱికొంత తేటపడును. రెండింటి మూలము ఒక్కటే: భాగవత కథ, పురుషులు ధరించు స్త్రీ వేషము, ప్రవేశ దరువు. కాని కూచిపూడివారు మేళములు గట్టి ఊరూర తిరిగి ఆడిరి. విద్య వారి జీవనము. మేలట్టూరువారి యాట తమ దేవునికి తామర్పించు నైవేద్యము. విద్య వారి వ్రతము. జీవనమైన విద్య లోకమును గెలిచినది. కూచిపూడి పేరు నేడు దేశదేశముల వినవచ్చుచున్నది. వ్రతమైన విద్య ఊరు దాటి యంతగా ప్రసిద్ధి కెక్కలేదు. కాని వినువారు తెలుగువారు కానిచోట తెలుగును నిలిపినది.

నేను మొదట వేసిన ప్రశ్నకు ఇదియే నా సమాధానము. ఒక సాహిత్యమును రాజు పెంపగలడు, పండితుడు దిద్దగలడు, గ్రంథాలయము దాపగలదు. కాని ఏటేట ఒక తిథినాడు, ఎవరు పిలిచినను పిలువకున్నను, ఇది మా యింటి పని యని లేచువారుండినగాని యది బ్రదుకదు. మేలట్టూరువారు తమ తాతలు పలికిన భాషను ఇంట మఱచిరి. తాతలు చేసిన మ్రొక్కును మాత్రము మఱవలేదు. మ్రొక్కు వెంట భాషయు వచ్చినది.

తెలుగు మాతృభాషగా గల మన యూళ్లలో వీథినాటకములు, యక్షగానములు, హరికథలు ఎన్ని మన కన్నులయెదుటనే నిలిచిపోయినవో మీరెఱుగుదురు. మనకు భాష యున్నది, తిథి తప్పినది. మీ యూరి జాతరలో ఒకప్పుడు ఏ యాట ఆడుచుండిరో, ఇంటిలోని పెద్దవారిని అడుగుడు. పాటగాని వారికి రెండు చరణములు జ్ఞాపకమున్నచో, వారి నోటనుండియే పిల్లలకు నేర్పింపుడు. కాగితము తరువాత చూచుకొనవచ్చును.

ఇక సెలవు.