ఒకే కుటుంబము, రెండు జట్లు

రాయచూరునుండి గుంతకల్లు వైపు రైలులో పోవువారికి మట్మారి స్టేషను దాటిన కొంతసేపటికి తుంగభద్ర కనబడును. 1956 వఱకు ఈ నదియే ఇచ్చట హైదరాబాదు రాష్ట్రమునకు ఎల్ల. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. ఇచ్చటి తెలుగు కుటుంబములు ఇల్లు మాఱలేదు, పొలము విడువలేదు. రాజధాని మాత్రము హైదరాబాదునుండి బెంగళూరునకు మాఱినది. కదలకయే ఎల్ల దాటిన మనకు, ఊరు విడిచి ఎల్ల దాటిన హైదరాబాదు ఆటగాడొకని చరిత్ర తెలిసికొనదగినది.

ఆయన ఆసిఫ్ ఇక్బాల్. 1943 జూన్ 6న హైదరాబాదులో జన్మించిరి. ఆ కుటుంబమున ముందు తరమువారు గులాం అహ్మదు గారు. భారతదేశము పక్షమున 22 టెస్టులాడి 68 వికెట్లు తీసిన ఆఫ్ స్పిన్ బౌలరు. 1955 నవంబరులో హైదరాబాదు ఫతే మైదానమున తొలి టెస్టు జరిగినపుడు న్యూజీలాండుపై భారత జట్టును నడపినది ఆయనయే. అప్పటికి ఆసిఫ్ పండ్రెండేండ్ల బాలుడు.

రెండు దేశముల పక్షమున టెస్టులాడినవారు లేకపోలేదు. పటౌడీ నవాబు ఇఫ్తికార్ అలీఖాను ఇంగ్లండుకును భారతమునకును ఆడిరి. అమీర్ ఇలాహి, గుల్ మొహమ్మద్, అబ్దుల్ హఫీజ్ కార్దార్ మువ్వురును భారత, పాకిస్తాను జట్లు రెంటను ఆడినవారే. ఆసిఫ్ వృత్తాంతము కొంచెము వేఱు. టెస్టులన్నియు పాకిస్తానుకే ఆడిరి. కాని ఆట నేర్చినది హైదరాబాదులో. రంజీ ట్రోఫీలో ఆడినది హైదరాబాదు జట్టునకే. 1960–61లో ఫజల్ మహమూద్ నాయకత్వమున పాకిస్తాను జట్టు మన దేశమునకు వచ్చినపుడు, దక్షిణ మండలము తరఫున వారికెదురుగా ఆడిరి. 1961లో తామే పాకిస్తానుకు తరలిపోయిరి. పదునెనిమిదేండ్ల వయస్సు!

1964 అక్టోబరులో కరాచీలో ఆస్ట్రేలియాపై తొలి టెస్టు ఆడిరి. అప్పుడు ఆయన పని క్రొత్తబంతితో బౌలింగు. బ్యాటింగునకు వచ్చుట చిట్టచివరి వరుసలో. ఆ వరుసను తలక్రిందులు చేసినది 1967 ఆగస్టులో లండను ఓవల్ మైదానమున జరిగిన ఆట. మొదటి ఇన్నింగ్సులో 224 పరుగులు వెనుకబడిన పాకిస్తాను, రెండవ ఇన్నింగ్సులో 65 పరుగులకే 8 వికెట్లు పోగొట్టుకొనినది. ఇన్నింగ్సు తేడాతో ఓడుట ఖాయమని అందఱు తలంచిరి. ఆసిఫ్, ఇంతిఖాబ్ ఆలంతో కలిసి తొమ్మిదవ వికెట్టునకు 190 పరుగులు చేర్చిరి. అందు తమవి 146. టెస్టులలో ఆ వికెట్టునకు ఆ మొత్తము 1998 వఱకు చెక్కుచెదరని రికార్డు. ఇంగ్లండే గెలిచినది, అయినను ఆ ఆటలో గెలిచినవారి పేర్లు నేడు ఎందఱికి జ్ఞాపకము?

మఱుసటి యేటనే కెంటు కౌంటీ ఆయనను చేర్చుకొనినది. ఆటను జీవనోపాధిగా చేసికొనుట మన దేశమునగాని పాకిస్తానునగాని సులభము కాని రోజులవి. 1982 వఱకు కెంటు జట్టున ఆడి, 1977లో నాయకులుగా కౌంటీ ఛాంపియన్‌షిప్పును మిడిల్‌సెక్సుతో సమముగా పంచుకొనిరి. ఆ యేడే కెర్రీ ప్యాకర్ పోటీలకు ఒప్పుకొనిరి. దానిని నిందించినవారు పెక్కురు. పనికి తగిన కూలి కోరుట వృత్తిగా ఆడువానికి తప్పు కాదని మా తలంపు.

1979 నవంబరులో పాకిస్తాను నాయకులుగా ఆయన భారతదేశమునకు వచ్చిరి. అప్పుడు భారత క్రికెట్టు బోర్డు కార్యదర్శి గులాం అహ్మదు గారే! ఆహ్వానించువారొక హైదరాబాదీ, అతిథి నాయకుడొక హైదరాబాదీ, ఒకే కుటుంబము. ఆఱు టెస్టులలో మొదటిది బెంగళూరున జరిగినది. హైదరాబాదున ఒక్కటియు లేదు. బొంబాయి, మద్రాసులలో ఓడి శ్రేణిని పోగొట్టుకొనిన పిదప కలకత్తాలో చివరి టెస్టు. భారతము 331 చేయగా, ఆసిఫ్ 272కు 4 వికెట్లతోనే, వెనుకబడియుండియు, ఇన్నింగ్సు ముగించిరి. సాహసమనుడు, తొందరపాటనుడు, గెలుపునకై వెదకిన దారి అది. ఆట డ్రాగా ముగిసినది. 58 టెస్టులు, 3575 పరుగులు, 11 శతకములు, 53 వికెట్లు: ఈ లెక్క అచ్చటనే ఆగినది. తాము పుట్టిన దేశపు నేలమీదనే ఆయన టెస్టు జీవితము చాలించిరి.