గెలిచిన సీమను ఏలుట ఎట్లు?



కోటను పట్టుట యొక యెత్తు. పట్టిన సీమను ఏండ్లతరబడి ఏలుట మరియొక యెత్తు. మొదటి పనిని సేనలు చేయును. రెండవదానికి నమ్మకమైన మనుష్యుడు కావలెను. దూరసీమయందు రాజు పేర పన్ను గైకొని తగవులు తీర్చువాడెవడు? వానిని రాజునకు కట్టుపడియుండునట్లు చేయుటెట్లు? ఈ ప్రశ్న పూర్వము రోమకులకును వచ్చెను, మన ఓరుగంటి కాకతీయులకును వచ్చెను.

రోమకులకు మొదటి పరసీమ సిసిలీ ద్వీపము. క్రీస్తునకు పూర్వము 241వ సంవత్సరమున అది వారి వశమయ్యెను. ఇట్టి సీమలకు రాజధానినుండి అధికారులను పంపుచుండిరి. సామాన్యముగా వారి గడువు ఒక్క యేడు. పలుచోట్ల పన్నుల వసూలును గుత్తకిచ్చుచుండిరి. గుత్తయనగా నేమో మన ప్రాంతపు వృద్ధులకు నేను చెప్పబనిలేదు. నిజాము రాజ్యమున మొదటి సాలారుజంగు మాన్పించువరకు ఇచటను పన్నులు గుత్తకు నడచినవే. క్రీ.పూ. 73 మొదలు 71 వరకు సిసిలీని ఏలిన వెర్రెసు అనువాడు రైతుల ధాన్యమునేగాక దేవాలయములలోని విగ్రహములను సైతము అపహరించెను. మరుసటి యేడు సిసెరో యను న్యాయవాది వానిపై అభియోగము నడపగా, తీర్పు వెలువడకమునుపే వాడు నగరము విడిచి పోయెను. నేడో రేపో పోవువానికి ఆ సీమపై మమకార మెట్లు కలుగును? అద్దెకు తెచ్చిన యెద్దునకు కడుపునిండ మేత వేయువా డరుదు గదా!

ఇక మన కథ. కాకతీయులే తొలుత పరులక్రింద సీమ నేలినవారు. కల్యాణి చాళుక్యులకు సామంతులై అనుమకొండ సీమను పాలించుచుండిరి. ఆ ప్రభువులు బలహీనులు కాగా రుద్రదేవుడు స్వతంత్రుడయ్యెను. 1163నాటి వేయిస్తంభముల గుడి శాసనము దానికి సాక్షి. సామంతుడెట్లు రాజగునో ఆ యింటివారికి అనుభవమే.

రుద్రదేవుని తరువాత ఆయన తమ్ముడు మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరి మడిసెను. ఆయన కుమారుడు గణపతిదేవుడు శత్రువుల చెరలో చిక్కెను. అప్పుడు రాజ్యము చెదరిపోకుండ నిలిపినవాడు సేనాని రేచెర్ల రుద్రుడు. పాలంపేటలో రామప్పగుడి కట్టించి 1213లో శాసనము వేయించినవాడు నాతడే. ఆ యూరు 2019 వరకు భూపాలపల్లి జిల్లాలోనిదే. ఇప్పుడు ములుగు జిల్లాలోనిది. యాదవరాజు జైతుగి కొంతకాలమునకు గణపతిదేవుని విడిచిపెట్టి తన రాజ్యమునకు పంపెను. 1199లో ఆయన పాలన మొదలయ్యెను. చెరయందున్న రాజకుమారుని చంపుటకంటె సింహాసనమున నిలుపుటయే లాభమని శత్రువు తలచెనన్నమాట. ఈ పాఠమును గణపతిదేవుడు ఎన్నడును మరువలేదని నా యభిప్రాయము.

ఏలయన, కొలదికాలమునకు ఆయన సేనలు కృష్ణాతీరము దాటి దివిసీమను గెలిచెను. అచటి ప్రభువు అయ్యవంశపు పినచోడి. అతనిని చంపలేదు, తరుమలేదు. అతని సీమ నతనికే విడిచెను. అతని కుమార్తెలు నారాంబను, పేరాంబను తాను పెండ్లాడెను. ఆ బాలికల ఇష్టమును ఎవరైన అడిగిరో లేదో, శాసనములు చెప్పవు! వారి సోదరుడు జాయనను తనవెంట తెచ్చి గజసేనకు నాయకుని జేసెను, నృత్యవిద్య నేర్పించెను, చేబ్రోలు పాలన నిచ్చెను. ఆ జాయపసేనానియే 1253–54 ప్రాంతమున సంస్కృతమున ‘నృత్తరత్నావళి’ని రచించెను. ఓడినవాని కొడుకు గెలిచినవాని కొలువున గ్రంథకర్త యయ్యెను. రోమకులును కొన్నియెడల ఇట్లే చేసిరి. యూదుల దేశమును హేరోదునకే విడిచిరి. అతని కుమారులు రోమునగరమున పెరిగిరి. కాని వారు పిల్లనిచ్చి పుచ్చుకొనలేదు.

గణపతిదేవుడు ఇచ్చెను కూడ. కుమార్తె గణపాంబను ధరణికోట ప్రభువు బేతరాజునకును, రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య వీరభద్రునకును ఇచ్చెను. ఆయన తోబుట్టువు మైలమ నతవాడి రుద్రుని యింట మెట్టెను. మహబూబాబాదు జిల్లా బయ్యారము చెరువు ఆమె త్రవ్వించినదే. ధర్మకీర్తిసముద్రమని దాని పేరు. ఆమె శాసనమున కాకతీయుల వంశావళి చెక్కబడియున్నది. వెన్నరాజు కాకతి పురమున నుండి యేలుటచే ఆ వంశమునకు ఆ పేరు కలిగెనని దానివలననే మనకు తెలిసినది.

బడిపంతులుగా నుండగా ఒకమారు పిల్లలను ఆ చెరువుకట్టకు తీసికొనిపోతిని. ఒక బాలిక, “సారూ, అత్తగారింటికి పోయినామె పుట్టింటోళ్ల పేర్లు రాతిమీద ఎందుకు రాయించింది?” అని అడిగెను. నేను వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని. సామంతుని యింట నడుగిడిన కోడలు నిత్యము ఓరుగంటిని జ్ఞాపకము చేయుచుండవలెననియే గదా ఆ పెండ్లి జరిగినది! ఈ మాట నాకు ఇంటికి వచ్చిన పిదప తోచెను.

గెలిచిన కోస్తాయందు పన్నుల మాట యేమి? 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనము చూడుడు. తుపానున ఓడ పగిలి తీరము చేరిన సరకును పూర్వపు రాజులు సర్వము లాగుకొనుచుండిరి. తాను మాత్రము సుంకము దక్క మరేమియు తీసికొననని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒకవంతే ఆ సుంకము. వర్తకుడు భయపడినచో రేవు పాడగునని ఆయన యెరుగును.

అయినను ఈ రీతియందు లోపము లేకపోలేదు. పానుగల్లు మొదలు మార్జవాడి వరకు గల విశాలసీమను గణపతిదేవుడు కాయస్థ గంగయసాహిణికి అప్పగించెను. అది ఆ వంశమునకు పిత్రార్జితమువలె నయ్యెను. 1272లో అధికారమునకు వచ్చిన అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగబడెను. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము 1289లో రాణియు, సేనాని మల్లికార్జుననాయకుడును మరణించినట్లు చెప్పుచున్నది. అంబదేవునితోడి యుద్ధముననే ఆమె మరణించెనని చరిత్రకారు లూహింతురు. చాళుక్యులకు కాకతీయులు చేసినదే కాకతీయులకు కాయస్థులు చేయజూచిరి.

అందుచేత ప్రతాపరుద్రుడు అంబదేవుని అణచిన పిమ్మట పాతవంశములను అంతగా నమ్మలేదు. తాను ఎన్నుకొన్న నాయకులకు ఊళ్లనిచ్చి, ఆ రాబడితో సేనను పోషించి పిలిచినప్పుడు రావలెనని కట్టడి చేసెను. దీనికే నాయంకరమని పేరు. ఓరుగంటికోట డెబ్బదియేడు బురుజులను డెబ్బదియేడుగురు నాయకులు కాచిరని ప్రసిద్ధి. ఆ కోటయు 1323లో ఢిల్లీసేనల పాలయ్యెను.

మైలమ చెరువు మాత్రము తెగిపోలేదు. వానలు కురిసి బయ్యారము చెరువు నిండిన యేడు, దానిక్రింది పొలములలో ఇప్పటికిని నాట్లు పడుచున్నవి.