ఒక ఇంటి నుండి ఒక్కరే

ఒడ్డున క్షేమంగా ఉన్న మనిషి, తాను ఎన్నడూ ముఖం చూడని వారి నిమిత్తం తుఫానులోనికి ఎందుకు వెళ్తాడు? ఈ ప్రశ్నను గూర్చి ఆలోచించడానికి చరిత్రలోని కొన్ని సంగతులు మీ ముందుంచుతున్నాను.

రెండు వందల ఏండ్ల క్రిందట బ్రిటన్ తీరాల్లో ఏటేటా వందలాది ఓడలు బద్దలయ్యేవి. ఐల్ ఆఫ్ మాన్ దీవిలో నివసించిన సర్ విలియం హిల్లరీ ఆ నాశనాన్ని కళ్లారా చూచి, 1823లో దేశ ప్రజలకు ఒక విజ్ఞప్తి ప్రచురించాడు. దాని ఫలితంగా 1824 మార్చి 4న లండన్‌లో ఒక సంస్థ పుట్టింది. అదే నేటి రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్. ప్రజల కానుకలే దానికి ఆధారం. దాని పడవలెక్కే వారిలో అత్యధికులు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. 2024లో ఆ సంస్థకు 200 ఏండ్లు నిండాయి. అప్పటికి అది కాపాడిన ప్రాణాలు 1,44,000కు పైమాటే.

అయితే ధైర్యం ఒక్కటే చాలదని ఆ సేవకులు కన్నీటితో నేర్చుకున్నారు. 1861 ఫిబ్రవరి 9న విట్బీ అనే రేవులో లైఫ్‌బోటు మాటిమాటికి తుఫానులోనికి వెళ్లి అనేకులను ఒడ్డుకు చేర్చింది. చివరిసారి అది తలక్రిందులైంది. 13 మందిలో 12 మంది మరణించారు. బ్రతికిన హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే కొత్తరకం కార్కు లైఫ్ జాకెట్ తొడుక్కున్నాడు. చూచారా! జాగ్రత్త పిరికితనం కాదు. అది ధైర్యానికి తోడబుట్టినది.

ఇప్పుడు 1981 డిసెంబరు 19వ తేదీ రాత్రికి రండి. ఇంగ్లండు నైరుతి కొననున్న కార్న్‌వాల్‌లో మౌజల్ అనే చిన్న పల్లె క్రిస్మస్ దీపాలతో వెలుగుతోంది. యూనియన్ స్టార్ అనే సరుకుల ఓడ ఇంజను ఆగిపోయి, పెనుగాలికి రాళ్ల వైపు కొట్టుకొని వస్తోంది. ఓడలో 8 మంది ఉన్నారు. వారిలో కెప్టెన్ భార్య, ఆమె ఇద్దరు కుమార్తెలు కూడా ఉన్నారు. హెలికాప్టరు ఎంత ప్రయాసపడినా వారిని పైకి లాగలేకపోయింది.

పెన్లీ లైఫ్‌బోటుకు పిలుపు వచ్చింది. పల్లెవారు పరుగున వచ్చారు. వారిలో చేపలు పట్టేవారున్నారు, టెలిఫోను పనివాడున్నాడు, ఊరి పబ్బు యజమాని ఉన్నాడు. ఒక తండ్రీ కొడుకూ కలిసి వచ్చారు. సరంగు ట్రెవెల్యన్ రిచర్డ్స్ తండ్రిని ఎక్కించుకొని కొడుకును ఒడ్డునే ఉంచేశాడు. అటువంటి రాత్రి ఒకే ఇంటి నుండి ఇద్దరిని తీసుకొని వెళ్లనన్నాడు. అపాయమెంతటిదో ఎరిగే వెళ్లాడన్నమాట!

సాలమన్ బ్రౌన్ అనే 47 అడుగుల ఆ కొయ్య పడవ, 60 అడుగుల కెరటాల మధ్య ఓడను మరల మరల సమీపించింది. నలుగురిని ఎక్కించుకున్నామని రేడియోలో కబురు వచ్చింది. ఆ తరువాత నిశ్శబ్దం. ఓడలోని 8 మంది, పడవలోని 8 మంది, ఒక్కరూ మిగలలేదు.

ఒక్క రోజు గడవక ముందే, కొత్త బృందానికి చాలినంతమంది అదే పల్లె నుండి ముందుకు వచ్చారు. ఆ రాత్రి ఒడ్డున మిగిలిన కొడుకు తరువాతి కాలంలో పెన్లీ లైఫ్‌బోటుకు సరంగు అయ్యాడు. ఏటా డిసెంబరు 19న మౌజల్‌లో క్రిస్మస్ దీపాలు గంటసేపు ఆర్పి వారిని తలంచుకుంటారు.

సహోదరీ సహోదరులారా, మన కొరకు ప్రాణం పెట్టడానికి సిద్ధపడే వారుంటే, వారి యెడల మన బాధ్యత ఏమిటి? అనవసరంగా వారిని అపాయంలోనికి పిలవకుండుటే. సంఘ యువకులను సముద్రతీరానికి తీసుకువెళ్లే పెద్దలారా, హెచ్చరిక జెండా ఉన్నచోట ఎవరినీ నీటిలో దిగనివ్వకండి. నీరు లోపలికి లాగితే ఎదురీదక, ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈదాలి. అలసిపోతే చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, ఊపిరి కుదుటపడేవరకు తేలాలి. మునిగేవాని కోసం వెంటనే దూకక, తేలే వస్తువేదైనా విసరి 112కు ఫోను చేయాలి. వేటకు వెళ్లే సహోదరులారా, లైఫ్ జాకెట్ పడవ మూలన కాక మీ ఒంటిమీద ఉండనివ్వండి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డు నంబరు 1554 గుర్తుంచుకోండి.

మన క్షేమం మన ఒక్కరిది కాదు. మనల్ని వెదకుచూ చీకటిలోనికి బయలుదేరే వారి ఇంట కూడా ఒక తల్లి, ఒక భార్య తలుపు వైపు చూస్తూనే ఉంటుంది. ఆమెను తలంచుకొని జాగ్రత్తపడుదుము గాక.