ముడుమాల్ రాతి మీద సప్తర్షులు

పెళ్లిలో పురోహితుడు వధూవరులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపించే ముచ్చట మనమందరం ఎరిగినదే. ముహూర్తం పట్టపగలైతే చూపేదీ చూసేదీ ఉత్త ఆకాశమే. కానీ చిక్కు పగటితోనే తీరదు. కార్తీకంలో పెళ్లయితే చీకటి పడ్డాక వెతికినా అరుంధతి కానరాదు. సప్తర్షి మండలం ఆ వేళకు క్షితిజం కింద ఉంటుంది; తెల్లవారుజామునగాని ఈశాన్యాన పైకి రాదు.

ఉత్తర ఐరోపావారికి ఆ ఏడు చుక్కలూ అస్తమించవు. మనకు అలా కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ధ్రువ నక్షత్రం క్షితిజానికి 16, 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కనుక సప్తర్షులు ఉదయిస్తారు, అస్తమిస్తారు. వారిని తొలిరాత్రి వేళ తీరికగా చూడగలిగేది వసంతంలోనే. ఏప్రిల్ నడిమి రోజుల్లో రాత్రి 9 గంటలకు ఉత్తరానికి తిరిగి నిలబడితే, నడినెత్తికీ నేలకూ మధ్య నాలుగు మంచంకోళ్లూ, వాటికి కుడివైపున మూడు చుక్కల తోకా తలకిందులుగా కనిపిస్తాయి. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, ఆయనను ఆనుకుని అరుంధతి. ఆ తోక వంపునే పొడిగిస్తూ పోతే స్వాతి, ఇంకా పోతే చైత్రానికి పేరిచ్చిన చిత్త.

ఈ ఏడు చుక్కలను ఎవరో ఇక్కడే రాతికెక్కించారన్న సంగతి నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. కృష్ణా తీరాన ఉన్న ముడుమాల్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా గ్రామం. 2019 నుంచి నారాయణపేట జిల్లాలోనిది. అక్కడ పది పన్నెండు అడుగులకు మించిన నిలువురాళ్లు సుమారు 80, వాటి నడుమ వరుసలు తీరిన చిన్న రాళ్లు వేలల్లో ఉన్నట్లు లెక్క. ఊరివారికి అది నిలురాళ్ల తిమ్మప్ప స్థలం. ఒక రాయి ఎల్లమ్మగా పూజలందుకుంటోంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పి. రావు ఈ రాళ్లను పరిశీలించి, కొన్ని వరుసలు విషువత్తులలోనూ ఆయనాంతాలలోనూ సూర్యోదయాస్తమయాల దిక్కుకు సరిపోతున్నాయన్నారు. ఒక రాతి మీద తొలిచిన చిన్న గుంటలలో సప్తర్షి మండలాన్ని గుర్తించారు.

ఆ గుంటలలో మొదటి రెండింటినీ కలిపే గీత ధ్రువ నక్షత్రాన్ని చూపుతుందని తరచు రాస్తుంటారు. ఇక్కడే ఆగి ఆలోచించాలి. భూమి అక్షం సుమారు 26,000 ఏళ్లకొకసారి వలయం తిరుగుతుంది. ఈ రాళ్లకు 3,500 ఏళ్ల వయసనుకుంటే, నేటి ధ్రువ నక్షత్రం ఆనాటి ధ్రువానికి దాదాపు 19 డిగ్రీల దూరాన ఉండేది. క్రతు, పులహ నక్షత్రాలను కలిపే గీత కూడా, నేను వేసిన లెక్కలో, ఆ ధ్రువానికి సుమారు 10 డిగ్రీలు పక్కగా పోతుంది. కనుక మన పూర్వులు ఆ గీతతో నేటి ధ్రువుణ్ణి గుర్తించారనడం నేటి ఆకాశాన్ని నాటి రాతికి అంటగట్టడమే అవుతుంది.

అంతమాత్రాన ఆ రాయి విలువ తగ్గదు. సప్తర్షులు అప్పుడు ధ్రువానికి నేటికన్నా దగ్గరగా ఉండి, ఈ నేల మీద ఇంకా ఎక్కువసేపు కనిపించేవారు. ఉత్తరాన అంత స్ఫుటంగా తిరిగే గుంపును చూసి దిక్కునో, కాలాన్నో గుర్తుపెట్టుకోవడానికి ధ్రువ నక్షత్రమే అక్కరలేదు. ఆ గుంటలు సప్తర్షులేనా అన్నదానికి రుజువు కూడా ఆ ఒక్క రాతిలో దొరకదు. చుట్టూ ఉన్న రాళ్ల వరుసలన్నీ చోటు మారకుండా నిలిస్తేనే ఎవరైనా మళ్లీ కొలిచి చూడగలరు.

నా బెంగ అదే. నల్లగొండ జిల్లాలో ఏలేశ్వరం మహాశిలా సమాధులు తవ్వకాల తర్వాత నాగార్జునసాగర్ నీటిలో కలిసిపోయాయి. మన పల్లెల్లో రాకాసి గుళ్లనే సమాధులెన్నో పొలం గట్లలోకీ, క్వారీలలోకీ పోయాయి. ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి, సంతోషమే. కానీ నిలువెత్తు రాళ్లకు దక్కే కాపలా మోకాలెత్తు రాళ్లకూ దక్కాలి. వరుస చెప్పేది అవే కదా!

ఈ చైత్రంలో ఏ వెన్నెల లేని రాత్రో మీ ఊరి మేడెక్కి ఉత్తరానికి చూడండి. వశిష్ఠుని పక్కన అరుంధతి కనిపిస్తే, ఆ రాయి తొలిచిన చేతులు తలుచుకోండి. ఆయన చూసిన ఆకాశం కాస్త పక్కకు జరిగింది, అంతే, చుక్కలు అవే.