రాయవెల్లూరు దారి, మందు సీసా, మా అవ్వ

మా ఇంట్లో ఒక పాత గాజు సీసా ఉంది. మూత ఎప్పుడో పోయింది. సీసాకి ఒక పక్క నిలువుగా కాగితం పట్టీ అంటించి ఉంటుంది, దాని అంచు మెట్లు మెట్లుగా కత్తిరించి ఉంటుంది. ఒక మెట్టు ఒక మోతాదు. పొద్దున ఒక మెట్టు దిగాలి, సాయంత్రం ఇంకో మెట్టు దిగాలి. చదువు వచ్చినా రాకపోయినా, తమిళం తెలిసినా తెలియకపోయినా, కళ్లుంటే చాలు, మందు ఎంత తాగాలో తెలిసిపోతుంది. పాత ఆస్పత్రుల్లో కాంపౌండర్లు మిక్చర్ పోసి ఇచ్చే సీసాలన్నిటికీ ఇలాంటి పట్టీ ఉండేది. ఇల్లు సర్దిన ప్రతిసారీ ఎవరో ఒకరం దాన్ని పారేయబోవడం, అవ్వ అడ్డం పడడం మామూలే.

మా పెద్దలు పలమనేరు కొండ దిగి గుడియాత్తం వచ్చి మగ్గాలు పెట్టుకున్నవాళ్లు. పైన పుట్టిన కౌండిన్య ఏరు కూడా అదే దారిన దిగి గుడియాత్తం మీదుగా పాలారులో కలుస్తుంది, కాబట్టి ఏటి వెంట వచ్చామని చెప్పుకుంటాం. అప్పట్లో ఇది వేరే రాష్ట్రం కాదు, వేరే జిల్లా కూడా కాదు. ఉత్తర ఆర్కాటు జిల్లాకి ముఖ్యపట్టణం చిత్తూరే. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడ్డాక ఇటు వేలూరు పెద్దదైంది. మనవాళ్ల నోట అది ఈనాటికీ రాయవెల్లూరే. జబ్బు ముదిరితే అనంతపురం నుంచైనా, నెల్లూరు నుంచైనా, విశాఖ నుంచైనా కాట్పాడిలో రైలు దిగి ఆటో ఎక్కే తెలుగువాళ్లకు ఈ ఊరంటే ఆస్పత్రే.

ఆ ఆస్పత్రి పుట్టుక చాలామందికి తెలిసినదే, అందుకని క్లుప్తంగా చెప్తాం. రాణిపేటలో 1870లో పుట్టిన అయిడా స్కడర్ మిషన్ డాక్టర్ల ఇంటి పిల్ల. 1890లో తిండివనంలో ఒకే రాత్రి మూడు ఇళ్ల వాళ్లు కాన్పు కష్టమైందని వచ్చారు. మగ డాక్టరు వద్దన్నారు, ఆమెకేమో వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ పోయారు. ఆమె అమెరికా వెళ్లి 1899లో కార్నెల్‌లో డాక్టరు చదువు ముగించి, 1900లో వేలూరు వచ్చి ఒక్క పడకతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో నలభై పడకల మేరీ టాబర్ షెల్ ఆస్పత్రి తెరిచారు.

ఈ కథని ఎప్పుడూ డాక్టరు కథగానే చెప్తారు. మాకు అందులో ఒక వెలితి కనిపిస్తుంది. నలభై పడకలు వేశారు సరే, డాక్టరు ఒక్కతే. ఆమె ఒకరికి ఆపరేషన్ చేస్తుంటే మిగతా ముప్పై తొమ్మిది మందికి వేళకి మందు ఎవరు పోయాలి? జ్వరం ఎవరు చూడాలి? కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి వీపు పుండు పడకుండా ఎవరు కాపాడాలి? ఇంటి పనివారి కుటుంబంలోని సలోమి అనే ఆవిడకి అయిడా చేతిపని నేర్పించి తోడు పెట్టుకుంది. ఒక్క సలోమితో అయ్యే పని కాదది.

అసలు కష్టం మనలోనే ఉంది, దాచుకోవడమెందుకు. పరాయివాళ్ల రక్తం, చీము, మలమూత్రాలు తాకే పనిని మన ఇళ్లలో అంటుపనిగా చూశారు. రాత్రి డ్యూటీ అంటే ఇంకా చెప్పక్కర్లేదు. అందుకే మొదట వచ్చినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల పిల్లలు, దిక్కులేని ఆడవాళ్లు. ఈ స్థితిలో 1909లో డీలియా హౌటన్ అనే నర్సు చేతుల మీద వేలూరులో నర్సుల బడి మొదలైంది. మద్రాసు రాష్ట్రంలో నర్సులకీ మంత్రసానులకీ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది 1926లో, అంటే ఈ బడి పెట్టిన పదిహేడేళ్లకి. 1946లో అదే బడి కాలేజీ అయి బీఎస్సీ నర్సింగ్ మొదలుపెట్టింది. దేశంలో నర్సులకి డిగ్రీ చదువు ఆ ఏడాదే వేలూరులోనూ ఢిల్లీలోనూ మొదలైంది. అంటుపని అన్నదానికి యూనివర్సిటీ పట్టా రావడానికి ముప్పై ఏడేళ్లు పట్టింది.

ఇక మా గుడియాత్తం దారి. 1906 ప్రాంతం నుంచి అయిడా వారానికోసారి ఈ దారిన పల్లెలకి వచ్చేది. మొదట ఎద్దుల బండి, 1909 నుంచి పేజో మోటారు కారు. మందు పెట్టెలు వేసుకుని చెట్టు నీడల్లో ఆగడం, అక్కడే పుండ్లు కడిగి కట్లు కట్టడం, మందు పోసివ్వడం, మళ్లీ బండి ఎక్కడం. రోడ్డు పక్క దవాఖానా అన్నమాట. ఆ దారిలోనే కె.వి.కుప్పం దగ్గర 1977లో సీఎంసీ వాళ్లు పల్లె ఆరోగ్యం కోసం రూహ్సా కేంద్రం పెట్టారు. ఇప్పుడు ముప్పై అయిదు కిలోమీటర్ల దారిని బస్సులో గంటో గంటన్నరో అంటారు. అప్పుడు బండి వెళ్లిపోతే మళ్లీ వారానికే.

ఆ వారం రోజులూ సీసా ఎవరి చేతిలో ఉంటుంది? ఇంట్లో వాళ్ల చేతిలో. రోడ్డు పక్క పోసిన మందుకి నర్సు ఎవరంటే ఇంటి కోడలో, కూతురో. మా ఇంటి సీసా మీద మెట్లు కత్తిరించింది కూడా అట్లాంటి ఇంటి నర్సు కోసమే.

ఆ రోజుల కొలతలు గుర్తు చేసుకుంటే భయం వేస్తుంది. ఘనమందులకి గ్రెయిన్లు, ద్రవాలకి మినిమ్‌లు, డ్రాములు, ఔన్సులు. ఒక గ్రెయిన్ అంటే మన లెక్కలో సుమారు 65 మిల్లీగ్రాములు. డ్రాముకీ ఔన్సుకీ చీటీ మీద వేసే గుర్తులు దాదాపు ఒకటే, పైన ఒక కొండి ఎక్కువ తక్కువ. ఆ కొండిని గమనించకపోతే మోతాదు ఎనిమిది రెట్లు మారిపోతుంది. లాంతరు వెలుతురులో, అర్ధరాత్రి, నిద్రమత్తులో ఉన్న ఇరవై ఏళ్ల పిల్ల దాన్ని చదవాలి. విషమందుల సీసాలని గరులు తేలిన నీలం, ఆకుపచ్చ గాజుతో చేసేవాళ్లు, చీకట్లో చేతికి తగలగానే తెలియాలని. ఒంటికి రాసే మందు నోట్లో పోయకుండా ఉండటానికి అంత ఏర్పాటు.

నర్సు చదువులో మొదట నేర్పే విషయాలు చూస్తే ఇవన్నీ అట్లాంటి అర్ధరాత్రులు నేర్పినవే అనిపిస్తుంది. సీసా పేరు మూడుసార్లు చదవాలి. అరలోంచి తీసేటప్పుడు ఒకసారి, పోసేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి. ఇంకొకరు పోసి ఉంచిన మందు మనం ఇవ్వకూడదు. ఇచ్చాకే రాయాలి, ఇవ్వబోతున్నామని ముందే రాసి పెట్టకూడదు. డాక్టరు నోటిమాటగా చెప్తే తిరిగి చెప్పి, అవునని అనిపించుకోవాలి. ఆ తర్వాత ఎన్నో తరాల నర్సులు వేళ్లు మడిచి అప్పజెప్పిన అయిదు సరిచూపులు: సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ.

ఇందులో మొదటిదే మన ప్రాంతంలో కష్టం. తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, తమిళులకి తండ్రి పేరు తొలి అక్షరం ముందు. వార్డులో లక్ష్ములు ముగ్గురుంటారు. "నువ్వు లక్ష్మివేనా?" అంటే ఎవరైనా తల ఊపుతారు, చెవుడు ఉన్నవాళ్లు అందరికంటే ముందు ఊపుతారు. అందుకని "నీ పేరేమి?" అని వాళ్ల నోటే చెప్పించుకోమంటారు. ఎవరి భార్యవి అని అడిగితే మన అవ్వలు మొగుడి పేరు పలకరాయె! ఆస్పత్రి నంబరు అట్ట ఇచ్చి, దాన్ని జాగ్రత్తగా దాచుకోమనడంలో ఇంత ఉంది. మా ఇంట్లో బంగారం రసీదులు పోయినా ఆ అట్టలు పోలేదు.

ఇదంతా పాత చరిత్రగా చదువుకునేవాళ్లం, కొన్నేళ్ల కిందట ఒక రాత్రి దాకా.

అవ్వకి చక్కెర జబ్బు. రాత్రి భోజనానికి ముందు 16 యూనిట్ల ఇన్సులిన్. వేసేది చిన్నాయన. ఒకరోజు మందుల షాపులో ఎప్పటి సీసా లేదు, అదే పేరుతో పెన్నులో వేసే గొట్టం ఇచ్చారు. పెన్ను మా దగ్గర లేదు. చిన్నాయన పాత ఎర్రమూత సిరంజితోనే ఆ గొట్టంలోంచి 16 గీత దాకా లాగి వేశాడు. అర్ధరాత్రి అవ్వ ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. మమ్మల్ని చూసి ఎవరో పరాయివాళ్లని పిలిచినట్టు పిలిచింది. పక్క వీధిలో ఉండే నర్సక్క పరుగున వచ్చింది. మింగగలదా అని మొదట చూసింది. మింగుతోంది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి వేలికొన గుచ్చి చూసి, మళ్లీ తాగించింది. అవ్వ తేరుకుని "ఏందే ఇంత గుంపు?" అన్నాక అక్క అడిగిన మొదటి మాట, "చీటీ, మందు, సిరంజి, మూడూ పక్కపక్కన పెట్టండి."

పెట్టాక మాకే కనిపించింది. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మామూలు సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు, పెన్ను గొట్టాల్లో 100. ఎర్రమూత సిరంజి గీతలు 40 బలానికి గీసినవి. దాంతో 100 బలం మందుని 16 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 16 కాదు, 40 యూనిట్లు. నారింజ మూత సిరంజితో 40 బలం మందు లాగితే తారుమారై ఆరున్నర కూడా వెళ్లదు. చీటీ మీద అంకె సరిగ్గానే ఉంది. చిన్నాయన చదివిందీ సరిగ్గానే. గీత మాత్రం వేరే మందుకి గీసింది. పెన్ను గొట్టంలోంచి సిరంజితో అసలు లాగకూడదని కూడా అక్క అప్పుడే చెప్పింది.

చిన్నాయన చాలా రోజులు సూది ముట్టుకోలేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, అదే ఆయనకి ఎక్కువ బాధయింది. మేమైతే అప్పటిదాకా ఇంట్లో నర్సు పని చేస్తున్నామని అనుకోనే లేదు, "మందు ఇస్తున్నాం" అంతే. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హాని లేని మందు వాడకం గురించి దేశాలన్నిటికీ పిలుపునిచ్చింది, మందుల పొరపాట్ల వల్ల ఏటా 42 బిలియన్ డాలర్ల ఖర్చని లెక్క చెప్పింది. ఆ లెక్కలోకి గుడియాత్తం వంటింట్లో జరిగేవి ఎన్ని చేరుతాయో!

ఊళ్లు మారి, భాషలు మారి ఉంటున్న మన ఇళ్లకి ఇంకో చిక్కు ఉంది. చీటీ ఇంగ్లీషులో, షాపువాడి మాట తమిళంలోనో కన్నడంలోనో, మందు మింగే అవ్వ తెలుగులో. 1-0-1 అని రాస్తే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని ఏ భాషవాడికైనా తెలుస్తుంది, నిజానికి అది మన సీసా మెట్లకి తమ్ముడు. కానీ పరగడుపునా, తిన్నాకా, ఎన్నాళ్లు అన్నది ఆ అంకెల్లో ఉండదు. మేము అది అక్కడే అడిగి, విన్నది తిరిగి చెప్పి, ఇంటికి రాకముందే తెలుగులో రాసుకుంటున్నాం. మందు మార్చి ఇస్తే బలం ఎంతో చదివి, చీటీ పక్కన పెట్టి చూడనిదే డబ్బా విప్పం.

ఆ తర్వాత పెన్ను కొన్నాం. చిన్నాయనే మళ్లీ వేయడం మొదలుపెట్టాడు, అంకె తిప్పి, పైకి చదివి, అవ్వకి చూపించి. అవ్వకి అంకెలు రావు. ఆ పెన్నుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "దీనికి మెట్లు ఏవిరా?" అని అడిగింది. చిన్నాయన పెన్ను తిప్పితే వచ్చే టిక్కు టిక్కు శబ్దం వినిపించాడు. అప్పట్నుంచి రోజూ రాత్రి ఆయన చదువుతాడు, ఆమె పదహారు టిక్కులు వేళ్ల మీద లెక్కపెట్టి, సరిపోయాకే చెయ్యి చాపుతుంది.