ఐదు తీగల వెనక ఒక గిటారు

మెండోలిన్ శ్రీనివాస్ మీద తెలుగులో వచ్చే వ్యాసాలన్నీ దాదాపు ఒకే దారిన నడుస్తాయి: బాలమేధావి, పూర్వజన్మ సుకృతం, పాలకొల్లు చేసుకున్న పుణ్యం. ప్రతిభను ఎవరూ కాదనరు. కానీ అది ఎవరి చేతుల మీదుగా పెరిగిందో చెప్పకపోతే మనం రాస్తున్నది చరిత్ర కాదు, స్థలపురాణం.

మెండోలిన్ లాంటి పరాయి వాద్యం మనదవడం కొత్తేమీ కాదు. బాలుస్వామి దీక్షితర్ కాలంలోనే ఫిడేలు మనింటిదైంది. గిటారు మాత్రం చాలాకాలం సినిమా పాట గడప దాటలేదు. ఇళయరాజా కూడా సంగీత దర్శకుడు కాకముందు మద్రాసులో గిటారు వాయించినవారే. గూడూరులో రైలెక్కితే మద్రాసులో దిగే మా చిల్లకూరు వైపు వాళ్ళకు గిటారంటే స్టూడియోనే. ఆ అలవాటు వల్లే పాలకొల్లులో నడిచిన ఈ గోదావరి కథను మేం సరిగా పట్టించుకోలేదనుకుంటాను.

శ్రీనివాస్ 1969లో పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. 1976లో ఆ పిల్లవాడికి పాశ్చాత్య సంగీతం పరిచయం చేసింది వాసూరావు అనే గిటారిస్టు. తర్వాత కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారు గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. తండ్రికీ ఆయనే గురువు, వాసూరావుకీ ఆయనే గురువు. ఇక్కడ కాస్త ఆగాలి. గిటారూ కీర్తనా వేర్వేరు లోకాలనుకుంటాం కదా, అక్కడ రెండూ ఒకే గురువు నీడన ఉన్నాయి. పైగా సుబ్బరాజు గారికి మెండోలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు ఆ స్వరాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ; 1981లో మద్రాసు.

మెండోలిన్‌కు నాలుగు జంట తీగలు. జంటను లాగి గమకం పలికించడం కష్టం, నాదం కూడా త్వరగా తెగిపోతుంది. శ్రీనివాస్ ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మెండోలిన్ పట్టి, చివరికి ఐదు తీగల దగ్గర స్థిరపడ్డారు. ఇలాంటిది మరెక్కడా లేదంటారు. ఉంది. టెక్సస్, ఓక్లహోమా డాన్సు హాళ్ళలో పెరిగిన వెస్టర్న్ స్వింగ్‌లో, బాబ్ విల్స్ బృందపు టైనీ మూర్ కోసం పాల్ బిగ్స్‌బీ 1952లోనే ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మెండోలిన్ చేసిచ్చాడు. అంతకు ముందు 1935లోనే బాబ్ డన్ ఎలక్ట్రిక్ స్టీల్ గిటారు రికార్డు చేశాడు. వాళ్ళకు కావలసింది గమకం కాదు. ఆడే జనం మధ్య తీగ వినపడాలి, అంతే. మూర్‌ను చూసి శ్రీనివాస్ నేర్చారని నేననను, అందుకు ఆధారం లేదు. అవసరాలు వేరైనా తీగ అడిగింది ఒకటే.

వాసూరావు పాత్రను పెంచడమూ తప్పే. కర్ణాటక బాణీలో కార్డులకు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులకు, చోటు లేదు. శ్రీనివాస్ వాయించింది గాత్రాన్ని. అయితే ఆంప్లిఫయర్‌ను అపచారమనుకోని వాతావరణం ఆయనకు చిన్ననాడే దొరికింది, అందులో గిటారు వాటా ఉంది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలోనూ, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు పక్కనా ఆయన తడబడకపోవడం నాకందుకే వింతగా తోచదు.

పాట విని తీగ వెతుక్కునే ఆ చదువుతో పోలిస్తే, ఇప్పటి గిటారు చదువు నాకు తృప్తిగా లేదు. పిల్లలు ఫోనులో చూసి, తీగల అంకెలు బట్టీపట్టి గిటారు నేర్చుకుంటున్నారు. ఎడమచేయి పరుగెడుతుంది, కుడిచేతిలో లయ నిలవదు. బాబ్ విల్స్ బృందంలోనే వాయించిన ఎల్డన్ షాంబ్లిన్ స్వింగ్ గిటారు గొప్పతనమంతా, ఎడమచేయి దెబ్బదెబ్బకూ కార్డు మారుస్తున్నా నడక చెదరనివ్వని ఆ కుడిచేతిలోనే ఉంది. శ్రీనివాస్‌ను అనుకరించేవాళ్ళూ వేగాన్నే తీసుకున్నారు. పాట విని బదులిచ్చే చెవిని వదిలేశారు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన మీద ఇకముందు పుస్తకం రాసేవాళ్ళు వాసూరావుకు ఒక అధ్యాయం కేటాయించాలి. సుబ్బరాజు గారి దగ్గర నేర్చినవాళ్ళు ఎక్కడైనా ఉంటే, ముందు వాళ్ళ మాటలు రికార్డు చేయండి.