పచ్చిక మీద ప్రెసిడెంట్ పరుగు

1978 జూన్ 18, ఆదివారం. వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ వెనక పచ్చిక మీద జాజ్ కచేరీ నడుస్తోంది. న్యూపోర్ట్ జాజ్ ఉత్సవానికి పాతికో ఏడు వచ్చిందని ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ కళాకారులందరినీ పిలిచాడు. తొంభై దాటిన యూబీ బ్లేక్ వచ్చాడు. జబ్బుతో కుంగిపోయిన చార్లెస్ మింగస్ చక్రాల కుర్చీలో వచ్చాడు.

సెసిల్ టేలర్ వంతు వచ్చింది. వయసు 49. పియానో ముందు కూర్చున్నాడు.

ఆ మనిషి వెనక పెద్ద కథే ఉంది. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలో చదివాడు. జాజ్ దిగ్గజం ఎల్లింగ్‌టన్‌నీ, పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బార్టోక్‌నీ ఒకే ఆకలితో విన్నాడు. 1956లో తొలి ఆల్బమ్ ‘జాజ్ అడ్వాన్స్’ రికార్డు చేశాడు. మెచ్చినవాళ్లు మెచ్చారు, క్లబ్బులవాళ్లు మాత్రం పిలవడం మానేశారు. పొట్టకోసం హోటళ్లలో అంట్లు తోమాడు. వినేవాళ్లు లేని ఆ రోజుల్లో, ఎదురుగా సభ ఉందనుకుని, ఇంట్లోనే పూర్తి కచేరీలు వాయించుకునేవాడు. నన్ను కదిలించేది ఈ ఒక్క సంగతే. అంత నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది?

మళ్లీ ఆ ఆదివారానికి వద్దాం. టేలర్ వేళ్లు పియానో మెట్ల మీద పడ్డాయి. పాట లేదు, పట్టుకోవడానికి వరస లేదు. అరచేతులు, మోచేతులు కూడా వాయిస్తున్నాయి. కింది స్థాయిలో ఒక చిన్న పలుకు ఉరిమితే, పై స్థాయిలో దానికి జవాబు చినుకుల్లా రాలుతోంది. అదే పలుకు తిరిగొచ్చేసరికి రూపం మారిపోయి ఉంటుంది. 88 మెట్లూ మద్దెలలైపోయాయి. మన కర్ణాటక కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం వినేవాళ్లకి ఇది కొత్త కాదు: రాగం తప్పుకున్నాక చెవి లెక్కనీ, నాదాన్నీ, ఊపిరినీ వెతుక్కుంటుంది. నర్తకులు గాలిలోకి లేచే ఆ ఎగురును పియానో మీద పట్టుకోవాలన్నది టేలర్ తపన. రొద అని మొదట తోచేదాని లోపల నాకు వినిపించే అందం ఆ ఎగురే.

కొద్ది నిమిషాల్లో అయిపోయింది. టేలర్ లేచాడు.

కార్టర్ కూడా లేచాడు. జార్జియాలో వేరుశనగ పండించిన రైతు, సంగీత విమర్శకుడు కాడు. మర్యాదగా చప్పట్లు కొట్టి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పచ్చిక మీద పరుగున వెళ్లి టేలర్ చేతులు పట్టుకున్నాడు. ఇలా వాయించగా తానెన్నడూ చూడలేదని చెప్పాడు. ఈ సంగీతానికి ముందస్తు చదువు కావాలనేవాళ్లకి ఆ పరుగే జవాబు.

2013లో టేలర్‌కి జపాన్‌లో క్యోటో బహుమతి దక్కింది. 2018 ఏప్రిల్ 5న బ్రూక్లిన్‌లో కన్నుమూశాడు.

వినాలనుకుంటే 1974లో మాంట్రూలో ఒంటరిగా వాయించిన ‘సైలెంట్ టంగ్స్’ ఆల్బమ్ దొరుకుతుంది. చివర్లో ఉన్న పొట్టి ముక్కలతో మొదలుపెట్టండి. పాట కోసం వెతక్కండి. నచ్చకపోయినా ఇంకోసారి వినండి.